కాటన్ దొర ఏ ఇంటివాడు?

మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో, గ్రామీణ కార్యక్రమానికై రైతుల మాటలు రికార్డు చేసుకొనడానికి మేము కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి ప్రాంతానికి వెళ్లినాము. పోచారం ప్రాజెక్టు కట్ట మీద ఒక రైతు పెద్దాయనతో విత్తనాల సంగతి, ఎరువుల సంగతి మాట్లాడినంతసేపు మాట్లాడి యంత్రాన్ని కట్టివేసినాము. పసగల సంభాషణ యంత్రం ఆగిన తరువాతనే మొదలవుతుందని మా వృత్తిలో ఉన్నవారందరికీ అనుభవమే. ఆనాడూ అట్లానే జరిగినది. పెద్దాయన 2015 పుష్కరాలకు, దగ్గరలోని కందకుర్తిని విడిచి, చుట్టాలున్నారని రాజమహేంద్రవరం దాకా పోయి వచ్చినాడట. అక్కడ ధవళేశ్వరంలో ఒక తెల్లదొర విగ్రహానికి జనం దండలు వేయడం చూచినాడు. ఆ సంగతి చెప్పి మమ్మల్ని ఇట్లా అడిగినాడు:

"సారూ, గా కాటన్ దొరకు దండలేస్తున్నరు, దండాలు పెడుతున్నరు. ఆయన ఏ ఇంటోడు? గడీ ఉన్న దొరనా, ఉత్త దొరనా?"

ఆ నిమిషాన మాకు తోచిన జవాబు ఏదో చెప్పినాము. అది సగం జవాబు అని జీపు ఎక్కిన తరువాత అనిపించినది. ఆనకట్ట గురించి, గోదావరి డెల్టా గురించి మన భాషలో వ్రాసిన వ్యాసాలకు కొదువ లేదు. ఆ మనిషి పుట్టిన ఇంటి గురించి వ్రాసినవి అరుదు. ఈ ప్రసంగం ఆ పెద్దాయన ప్రశ్నకు మేము కూర్చుకొన్న పూర్తి జవాబు.

ముందుగా ప్రశ్నలోని మాటను గురించి కొంత చెప్పవలె. గోదావరి మండలాలలో 'దొర' అంటే టోపీ పెట్టుకొన్న తెల్ల ఉద్యోగి. కలెక్టరు దొర, ఇంజనీరు దొర, పాదిరి దొర. ఆ మాటలో కొంత దూరం ఉన్నది, కొంత మర్యాద ఉన్నది, కాటన్ విషయంలో వాత్సల్యం కూడా ఉన్నది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ఆ మాట బరువే వేరు. ఇక్కడ దొర అంటే గడీలో ఉండేవాడు. గడీ అంటే కోట వంటి ఇల్లు. దాని ముందు నుంచి చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి నడిచిన తరాల వారి జ్ఞాపకం ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. వెట్టి అనే రెండక్షరాల మాట ఇక్కడి వృద్ధులకు నిఘంటువులో వెదకవలసిన మాట కాదు. కనుక "గడీ ఉన్న దొరనా?" అని ఆయన అడిగినప్పుడు అది కేవలం కుతూహలం కాదు. దండ వేయదగిన దొర ఎట్లాంటి ఇంట పుట్టి ఉంటాడని ఆయన సందేహం.

ఈ రెండు ఊళ్ల పేర్లే ఒక దొరల ఇంటి చరిత్ర. బిక్కనవోలు, అంటే నేటి భిక్కనూరు, దోమకొండ ప్రాంతాలను ఏలిన కామినేని వారిలో ఎల్లారెడ్డి, కామిరెడ్డి, మల్లారెడ్డి అని అన్నదమ్ములు ఉండినారని సాహిత్య చరిత్రకారులు చెప్పుతారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి అనే ఊళ్ల పేర్లు ఆ ఇంటివారి పేర్లేనని పెద్దలు చెప్పుకొంటారు. మల్లారెడ్డి పేరు మరొక విధంగా నిలిచినది: ఆయన షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము రచించిన కవి. ఒక అన్న పేర ఒక ఊరు, మరొక అన్న పేర మరొక ఊరు, తమ్ముని పేర కావ్యాలు. 1949లో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయిన తరువాత ఆ ఇంటి అధికారం ముగిసినది. దోమకొండ కోట మాత్రం నిలిచి ఉన్నది. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించినది. అన్నదమ్ములందరి పేర్లూ నేల మీదనో తాళపత్రం మీదనో మిగిలిన ఈ సంగతిని శ్రోతలు మనస్సులో ఉంచుకొనవలె. ఇంగ్లండులోని ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఇది అక్కరకు వస్తుంది.

ఆ ఇంటి పేరు కాంబర్మియర్. ఇంగ్లండు వాయవ్యాన చెషైర్ మండలంలో ఒక కొలను ఒడ్డున ఉన్నది. మొదట అది ఇల్లు కాదు, మఠం. 1133లో సన్యాసుల కోసం కట్టినారు. నాలుగు వందల సంవత్సరాలు అక్కడ ప్రార్థనలు జరిగినవి. ఎనిమిదవ హెన్రీ రోము పీఠంతో తెగతెంపులు చేసుకొని దేశంలోని మఠాలన్నిటినీ మూయించినప్పుడు దీని మాన్యాలు కూడా రాజు వశమైనవి. 1539లో రాజు వాటిని తన కొలువులోని సర్ జార్జి కాటన్ అనే వానికి ఇచ్చినాడు. దేవుని మాన్యం రాజు చేతికి, రాజు చేతి నుంచి కొలువుకాని చేతికి పోవడం మనకు కొత్త కథ కాదు. ఇంగ్లండులోని గొప్ప వంశాలలో చాలా వాటి పునాది ఆ సంవత్సరాలలోనే పడినది. మఠం కట్టడాలలో కొంత భాగాన్ని కొత్త యజమానులు తమ ఇంటిలో కలుపుకొన్నారు.

1677లో ఆ వంశంలోని రాబర్ట్ కాటన్‌కు బారొనెట్ బిరుదు వచ్చినది. ఈ బిరుదు సంగతి కొంచెం వినోదంగా ఉంటుంది. 1611లో మొదటి జేమ్స్ రాజు ఖజానా నింపుకొనడానికి దీనిని కల్పించినాడు. తొలినాళ్లలో వెల 1,095 పౌన్లు. తీసుకొన్నవాడు 'సర్' అనిపించుకొంటాడు, అతని పెద్దకొడుకూ అనిపించుకొంటాడు, ఆ పెద్దకొడుకు పెద్దకొడుకూ అనిపించుకొంటాడు. తక్కినవారు ఉత్త మిస్టర్లు.

రాబర్ట్ వేల్సులోని లెవెనీ అనే గొప్ప ఆస్తికి వారసురాలైన హెస్టర్ సాల్స్‌బరీని పెండ్లాడినాడు. అతని కొడుకు థామస్, జమైకా గవర్నరుగా ఉండిన సర్ థామస్ లించ్ కూతురు ఫిలడెల్ఫియాను పెండ్లాడినాడు. ఆ తరువాత రెండు తరాలకు స్టేపిల్టన్ అనే ఇంటి ఆడపడుచు కోడలైనది. ఇక ఆ ఇంట పుట్టిన మగపిల్లల పేర్లు చూడండి: రాబర్ట్ సాల్స్‌బరీ కాటన్, లించ్ సాల్స్‌బరీ కాటన్, స్టేపిల్టన్ కాటన్. తల్లి తెచ్చిన భూమి గుర్తుగా తల్లి పుట్టింటి పేరు కొడుకుకు పేరైనది. మన శాసనాలలో దాతల పేర్ల పక్కన పొలాల సరిహద్దులు చెక్కి ఉంటవి. ఆంగ్ల ప్రభువుల ఇండ్లలో పిల్లల పేర్లలోనే సరిహద్దులు చదువుకొనవచ్చు.

అన్నట్టు, నిఘంటుకర్త డాక్టర్ జాన్సన్ పేరు వినని విద్యావంతుడు మన దేశంలో ఉండడు. ఆయనకు ఆప్తురాలైన హెస్టర్ త్రేల్ తల్లి ఈ కాంబర్మియర్ ఇంటి ఆడపడుచే. నాలుగవ బారొనెట్ సర్ లించ్‌కు స్వయానా చెల్లెలి కూతురు ఆమె. 1774లో త్రేల్ దంపతులతో కలిసి వేల్సుకు పోతూ జాన్సన్ ఆ ఇంట విడిది చేసినాడు. సర్ లించ్ అనేకమంది సంతానం గల గృహస్థు. మన కథకు కావలసినవారు వారిలో ఇద్దరే: పెద్దవాడైన రాబర్ట్, చిన్నవారిలో ఒకడైన హెన్రీ కాల్వెలీ.

ఇక్కడ ఆంగ్లేయుల వారసత్వ నియమం చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ కథకు అదే ఇరుసు. మన మితాక్షర ధర్మంలో కొడుకు పుట్టుకతోనే తండ్రి భూమిలో హక్కుదారుడు. అన్నదమ్ములు సమభాగులు. 2005 చట్ట సవరణతో దేశమంతటా కూతుళ్లు కూడా సమభాగులైనారు. మన పెద్ద జమీందారీలలో మాత్రం జ్యేష్ఠునికే గద్దె అనే ఆచారం ఉండేది. సామాన్య గృహాలలో అది లేదు. ఇంగ్లండు ప్రభువుల ఇండ్లలో భూమి అంతా పెద్దకొడుకుదే. అంతేకాదు, ఆ పెద్దకొడుకు కూడా దానిని అమ్ముకొనే వీలు లేకుండా, ముందు తరానికి కట్టుబడి ఉండేటట్లు దస్తావేజులు వ్రాసుకొనేవారు. అతడు యజమాని అనడం కంటే కాపలాదారు అనడం ఒప్పు. చిన్నవారికి కొంత డబ్బు, కొంత సిఫారసు, మంచి మాటతీరు దక్కేవి. ఆ మూడింటితో వారు బ్రతుకు వెదుక్కొనవలె. మతాధికారం, సైన్యం, నౌకాదళం, న్యాయవాదం, ఈస్టిండియా కంపెనీ: చిన్నకొడుకులకు తెరచి ఉన్న తలుపులు ఇవే. ఈ పద్ధతి వల్ల పెద్ద ఎస్టేట్లు ముక్కలు కాలేదు. పద్ధతి ప్రకారం ఇంటి నుంచి బయటకు నెట్టబడిన పిల్లలు భూగోళమంతా వ్యాపించినారు.

పెద్దవాని వైపు ముందు చూద్దాము. ఐదవ బారొనెట్ సర్ రాబర్ట్ రెండవ కొడుకు స్టేపిల్టన్ 1773లో పుట్టినాడు. రెండవవాడు గనుక సైన్యంలో చేరినాడు. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో ఉన్నాడు. నైజాము సేనలు కూడా ఇంగ్లీషువారి పక్షాన నిలిచిన యుద్ధం అది. అదే సంవత్సరం అతని అన్న మరణించినాడు. ఒక్క మరణంతో సైనికుడు వారసుడైనాడు. తరువాత స్పెయినులో వెల్లింగ్టన్ కింద అశ్వదళాన్ని నడిపినాడు. 1814లో బారన్ అయినాడు. భారతదేశానికి సర్వసేనానిగా వచ్చి 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టినాడు. 1827లో వైకౌంట్ కాంబర్మియర్ అయినాడు. ఆ బిరుదులో భరత్‌పూర్ పేరు కూడా చేర్చినారు. ఆంగ్ల ప్రభువంశాల పట్టికగా ప్రసిద్ధమైన బర్క్ గ్రంథం మొదటి ముద్రణ వెలువడినదీ ఆ 1826లోనే.

ఆ గ్రంథంలో లేని లెక్క ఒకటి ఉన్నది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసి, నష్టపరిహారం ఇచ్చినది. పరిహారం బానిసలకు కాదు, యజమానులకు. స్టేపిల్టన్ వారి వైపు నుంచి వచ్చిన తోటలు వెస్టిండీసులోని నెవిస్, సెయింట్ కిట్స్ దీవులలో ఉండేవి. అక్కడి 420 మంది బానిసలకు గాను వైకౌంట్ కాంబర్మియర్‌కు 7,000 పౌన్లకు పైగా ముట్టినట్లు లండను విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత రికార్డులనుండి తేల్చినారు. కొలను, మఠం, ఓక్ వృక్షాలు, గ్రంథాలయం, అన్నీ నిజమే. చెరుకు తోటలో పని చేసిన ఆ 420 మంది కూడా ఆ ఇంటి చరిత్రలోనివారే. గడీ సంగతి అడిగిన మన పెద్దాయనకు ఈ భాగం వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక చిన్నవాని వైపు. హెన్రీ కాల్వెలీ కాటన్ ఆక్స్‌ఫర్డ్ మండలంలోని వుడ్‌కోట్‌లో నివసించినాడు. బిరుదు లేదు, ఎస్టేటు లేదు, కొడుకులు మాత్రం పదకొండు మంది. ఆ కొడుకుల జీవితాలు ఇందాక చెప్పిన తలుపుల జాబితాకు వ్యాఖ్యానం వలె ఉంటవి. ఫ్రాన్సిస్ వేర్ నౌకాదళంలో చేరి అడ్మిరల్ అయినాడు. రిచర్డ్ లించ్ మతాధికారియై, ఆక్స్‌ఫర్డ్‌లో వర్స్టర్ కళాశాలకు అధ్యక్షుడై, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి కూడా నిర్వహించినాడు. సిడ్నీ సైన్యంలో చేరినాడు. హ్యూ, ఫ్రెడరిక్ కంపెనీవారి మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరినారు. పదవవాడు ఆర్థర్ థామస్. 1803 మే 15న పుట్టినాడు. అతడే మన కాటన్ దొర.

సిడ్నీని గురించి ఒక మాట. 1857లో అతడు పెషావరులో సేనకు అధిపతి. ఆ జూన్ నెలలో తిరుగుబాటు చేసిన సిపాయిలలో నలభై మందిని అక్కడి కవాతు మైదానంలో ఫిరంగులకు కట్టి పేల్చినారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఐదేండ్లు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకని పేర మన పురోహితులు తర్పణం విడుస్తున్నారు. రెండవవాని పేరు మనవారు తలుచుకొనరు. వంశ చరిత్రలు చదివేటప్పుడు మాకు ఎప్పుడూ కలిగే సందేహం ఇదే. రక్తం, సంస్కారం, పెంపకం అని మనం సులభంగా అనేస్తాము. అదే రక్తం, అదే పెంపకం, అదే వుడ్‌కోట్ ఇల్లు.

ఆర్థర్‌కు ఇంటివల్ల దక్కినది కంపెనీ కొలువుకు దారి. ఆ కాలంలో కంపెనీ డైరెక్టరు ఎవరైనా పేరు సూచిస్తేనే కుర్రవానికి ప్రవేశం. రాజుగారి సైన్యంలో అధికారి పదవిని డబ్బు పెట్టి కొనవలె. కంపెనీ సైన్యంలో కొననక్కరలేదు. ఖర్చు పెట్టలేని మంచి ఇంటి పిల్లలకు అందువల్లనే కంపెనీ అనుకూలం. పదిహేనవ ఏట ఆర్థర్ ఆడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చేరినాడు. అక్కడ లెక్కలలో రాణించినవారినే ఇంజనీర్ల దళానికి ఎంపిక చేసేవారు. 1821లో మద్రాసులో ఓడ దిగినాడు. 1824 నుంచి 1826 వరకు బర్మా యుద్ధంలో ఉన్నాడు. అదే కాలంలో పెదతండ్రి కొడుకు భరత్‌పూర్‌లో బిరుదు సంపాదిస్తున్నాడు. ఇద్దరూ ఒకే తాత మనుమలు. ఒకడు సర్వసేనాని, మరొకడు కింది తరగతి ఇంజనీరు.

ఆ తరువాతి సంగతులు శ్రోతలకు తెలిసినవే గనుక క్లుప్తంగా చెప్పుతాము. కావేరి పాయ అయిన కొల్లిడం మీద 1836లో ఆనకట్టలు కట్టినాడు. అక్కడ చోళుల నాటి కల్లణను శ్రద్ధగా పరిశీలించినాడు. ఇసుక నేల మీద, రాతి పునాది అందని చోట, బరువైన కట్టడం ఎట్లా నిలుస్తుందో ఆ ప్రాచీనుల వద్దనే నేర్చుకొన్నానని దాచకుండా ఒప్పుకొన్నాడు. ఆరోగ్యం చెడి టాస్మేనియాకు పోయి, 1841లో అక్కడ ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడినాడు. తిరిగి వచ్చి గోదావరిని చూచినాడు.

ఆనాటి గోదావరి మండలం ఎట్లాంటిదో ఒక లెక్క చెప్పుతుంది. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి ఐదున్నర లక్షలకు దిగినది. 1832, 33 సంవత్సరాలలో గుంటూరు సీమను పాడుపెట్టిన డొక్కల కరువు ఆ నడుమనే వచ్చినది. పక్కనే గోదావరి సముద్రంలో కలిసిపోతూ ఉండినది. కాటన్ నివేదికలు వ్రాసినాడు. పై అధికారులకు దయాధర్మాలు చెప్పితే పని కాదని ఆయనకు తెలుసు. శిస్తు ఎంత పెరుగుతుందో లెక్కలు కట్టి చూపినాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ఖండాలు, కట్టుబడి పొడవు రెండు మైళ్లకు పైన. ఇసుక మీద నిలిచిన ఆ కట్టడం నూట ఇరవై ఏండ్లకు పైగా పని చేసినది. 1982లో పూర్తయిన కొత్త బరాజుకు కూడా ఆయన పేరే పెట్టినారు.

ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. కూలీలను సమకూర్చినవాడు, వారికి మాట అర్థమయ్యేటట్లు చెప్పినవాడు, పని ఆగకుండా చూచినవాడు. ఆయనకు రాయబహదూర్ బిరుదు ఇచ్చినారు. మన వైపు వారసత్వాలను తరతరాలుగా అచ్చు వేసే బర్క్ గ్రంథం లేదు గనుక, ఆయన తాత ముత్తాతల పేర్లు ఇట్లా రేడియోలో చదివే భాగ్యం మాకు లేదు.

కాటన్‌కు 1861లో నైట్ బిరుదు వచ్చినది. ఆ 'సర్' బారొనెట్ల 'సర్' వంటిది కాదు. మనిషితోనే పోతుంది, కొడుకుకు రాదు. తాతగారికి పుట్టుకతో వచ్చిన మాటను మనుమడు యాభై ఎనిమిదవ ఏట పనితో తెచ్చుకొన్నాడు. పదవీ విరమణ తరువాత కూడా ఆయన నోరు మూసుకొని కూర్చోలేదు. రైళ్ల మీద పెట్టే డబ్బులో కొంతయినా కాలువల మీద పెట్టండి, కరువులు ఆగుతవి అని వాదిస్తూ వ్యాసాలు వ్రాసినాడు. 1878లో పార్లమెంటు ఉపసంఘం ముందు నిలబెట్టి గట్టిగా ప్రశ్నించినారు. ఏకదీక్ష గలవారందరి వలెనే ఆయన కూడా కొన్ని లెక్కలలో అతిగా పోయినాడని మా అభిప్రాయం. గోదావరిని ఎగువన వార్ధా నది దాకా ఓడల మార్గంగా మార్చవలెనన్న పథకం అట్లాంటిదే. నైజాము సరిహద్దు పొడవునా సాగిన ఆ ప్రయత్నాన్ని చాలా డబ్బు పోసిన తరువాత 1871లో విడిచిపెట్టినారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆనాటి గుర్తే.

1899 జూలై 24న డోర్కింగ్‌లో తొంభై ఆరేండ్ల వయస్సులో ఆయన మరణించినాడు. మరుసటి సంవత్సరం కూతురు ఎలిజబెత్ తండ్రి జీవిత చరిత్రను ప్రకటించినది. అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను పెండ్లాడినందువల్ల ఆమెను లేడీ హోప్ అంటారు. చార్లెస్ డార్విన్ అవసాన కాలంలో బైబిలు చదువుతూ ఉండగా చూచినానని 1915లో ఒక కథ ప్రచురించినది ఈమెయే. డార్విన్ సంతానం ఆ కథను ఖండించినారు. తండ్రిని గురించి వ్రాసినప్పుడు ఆమె చేతిలో కాగితాలున్నవి గనుక ఆ పుస్తకం మనకు ఎక్కువ నమ్మదగినది.

కాంబర్మియర్ సంగతి ఏమైనదంటే, 1919లో ఆ ఎస్టేటును అమ్మివేసినారు. కొన్నవాడు సర్ కెనెత్ క్రాస్లీ, మోటారు కార్లు తయారు చేసే కుటుంబంవాడు. ముక్కలు కాకుండా ఉండడానికై చిన్నకొడుకులను బయటకు పంపిన భూమి, దాదాపు మూడు వందల ఎనభై సంవత్సరాల తరువాత, ఇంజన్లు అమ్మి సంపాదించిన డబ్బుకు చేయి మారినది. వైకౌంట్ బిరుదు మాత్రం భూమి లేకుండానే వంశంలో నడిచినది. 1925 చట్టంతో, వీలునామా లేని ఆస్తులలో పెద్దకొడుకే సర్వాధికారి అనే నియమం ఇంగ్లండులో రద్దయినది.

మళ్లీ మన వైపు వస్తే, పోచారం ప్రాజెక్టును మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగు మీద కట్టి 1922 నాటికి పూర్తి చేసినారు. మంజీర మీదనే, ఎల్లారెడ్డికి అంత దూరం కాని అచ్చంపేట వద్ద, నిజాంసాగరును 1923 నుంచి 1931 వరకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించినాడు. రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకు నీరివ్వవలెనని ఆనాటి సంకల్పం. ఆయన చదివినది ఇంగ్లండులో, భారతదేశపు పనులకు ఇంజనీర్లను తయారు చేసిన కూపర్స్ హిల్ కళాశాలలో. నిజాంసాగరు నిండి గేట్లు ఎత్తినప్పుడు ఆ నీరు మంజీరలో పారి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, బాసర, ధర్మపురి, భద్రాచలం దాటి చివరకు ధవళేశ్వరం చేరవలసినదే.

దసరా వెళ్లిన తరువాత మళ్లీ ఎల్లారెడ్డి వైపు పని పడినప్పుడు, పెద్దాయనను వెదుక్కొంటూ పోయినాము. వరి కోతకు వచ్చినది. గట్టు మీద కూర్చొని ఈ కథనంతా, ఇంతకంటే సులువైన మాటలతో, చెప్పినాము. గడీ ఉన్నది, కాని ఆయనకు అందులో గుమ్మం కూడా రాలేదు అన్నప్పుడు ఆయన నవ్వినాడు. జమైకా, నెవిస్ సంగతి చెప్పినప్పుడు నవ్వలేదు. "దొరలంతా ఒక్కటే" అన్నట్లు తల ఊపినాడు. తరువాత చాలాసేపు వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకొన్నాడు.

"పదో కొడుకా సారూ? అంతా పెద్దోనికేనా?" అన్నాడు. "మాకు నాలుగెకరాలు. ముగ్గురు కొడుకులు, ఒక ఆడపిల్ల. పెద్దోడొక్కనికే రాస్తే ఊర్ల పంచాయితి అయితది. పంచితే ఎవనికీ ఎల్లది. మా చిన్నోడు దుబాయిల ఉన్నడు. ఆడ క్రేను నడుపుతడు."

ఎన్నేండ్లయినదని అడిగినాము. పన్నెండు అన్నాడు. నడుమ రెండుసార్లు వచ్చి పోయినాడట.

"మరి గా కాటన్ దొర ఇంటికి ఉత్తరాలు రాస్తుండెనా?"

రాసేవాడే గాని, ఆ కాలంలో ఓడల మీద ఉత్తరం చేరడానికి నాలుగైదు నెలలు పట్టేదని చెప్పినాము.

"మావోడు ఫోను చేస్తడు. శుక్రారం శుక్రారం," అని లేచి, మడిలో నీరు ఎంత ఉన్నదో చూడడానికి పోయినాడు.